శామీర్‌పేట గుండ్లలో రాక్షసబల్లి ఎందుకు దొరకదు? పిల్లల శాస్త్రీయ ఆలోచనకు శిలాజ సాక్ష్యాలు: ఒక పరిశీలన

పిల్లలకు శాస్త్రీయ ఆలోచన అలవాటు చేయడానికి రాక్షసబల్లుల కథలంత మంచి సాధనం లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది. దీన్ని పరీక్షించకుండా ఒప్పుకోవడం కష్టం. ఇరవై రాక్షసబల్లుల పేర్లు తడుముకోకుండా చెప్పే పిల్లకు జ్ఞాపకశక్తి బాగుందని చెప్పవచ్చు. అంతకుమించి చెప్పడానికి ఆ పేర్ల పట్టిక చాలదు. ఒకే ఎముక గురించి రెండు అభిప్రాయాలు ఎదురైనప్పుడు, వాటిలో ఒకటి నిలబడాలంటే ఏ ఆధారం కావాలో ఆ పిల్ల అడగగలుగుతోందా అన్నదే అసలు పరీక్ష. అలాంటి ప్రశ్నలకు తగిన సామగ్రి హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట బడులకు ఎంత దగ్గరలో ఉందో, అందులో ఏది గట్టిదో ఏది సందేహాస్పదమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ రెండు ఊళ్ల మీదుగా పోయే దారులు ఈ విషయానికి అనుకోకుండా కలిసొచ్చాయి. మేడ్చల్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్ చేరుతుంది. శామీర్‌పేట మీదుగా వెళ్లే రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగర్ దాటి గోదావరి తీరపు బొగ్గు గనుల సీమకు చేరుతుంది. మన దేశపు శిలాజ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయాలు కొన్ని ఈ రెండు దారుల చివర్లలోనే నడిచాయి.

1. ముందుగా, దొరకకపోవడం గురించి

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో ప్రధానంగా కనిపించేది గ్రానైట్. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లయినా, కంకర క్వారీ గోడయినా, పునాది గుంతలో మొరం కింద తగిలే బండయినా దాదాపు అదే జాతి రాయి. తూర్పు ధార్వార్ క్రేటాన్ అనే ప్రాచీన భూఖండంలో భాగమైన ఈ గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని అంచనా. తొలి రాక్షసబల్లుల ఆనవాళ్లు సుమారు 23 కోట్ల ఏళ్ల నాటివి.

కనుక ఈ గుండ్లలో రాక్షసబల్లి ఎముక దొరకదని చెప్పడానికి రెండు కారణాలున్నాయి.

(అ) గ్రానైట్ భూమి లోపల శిలాద్రవం నెమ్మదిగా చల్లారడం వల్ల ఏర్పడుతుంది. ఆ వేడిలో ఎముక మిగలదు.

(ఆ) ఈ రాయి గట్టిపడిన నాటికి ఎముకలున్న జంతువే భూమి మీద లేదు.

ఇవి ఒకదానిపై ఒకటి ఆధారపడని కారణాలు. ఒకటి తప్పని తేలినా రెండోది నిలుస్తుంది. దీన్ని పిల్లలు తామే గమనించేలా చేయడానికి శామీర్‌పేట చెరువు ఉపయోగపడుతుంది. చెరువు అడుగున మేట వేసిన ఒండ్రు గ్రానైట్ కాదు, నీరు తెచ్చి పేర్చిన మట్టి. అందులో ఎముక నిలిచే వీలుంది. అంటే (అ) అక్కడ వర్తించదు. మరి అందులో రాక్షసబల్లి ఉండవచ్చా? చెరువు మనుషులు కట్టినది. ఆ ఒండ్రుకు కొన్ని తరాల వయసే ఉంటుంది. చేప ముల్లో గొడ్డు ఎముకో దొరకవచ్చు. దక్కన్‌లో అక్కడక్కడా బయటపడే ఇనుపయుగపు సమాధుల్లో మనుషుల ఎముకలూ ఉంటాయి. వాటి వయసు వేల సంవత్సరాల్లో ఉంటుంది, కోట్లలో కాదు. రాయి రకం, రాయి వయసు అన్నవి రెండు వేర్వేరు షరతులని, రెండూ ఒకేచోట కుదిరితేనే వెతకడంలో అర్థముందని పాఠ్యపుస్తకం తెరవకముందే ఇక్కడ తేల్చుకోవచ్చు.

అయితే ఈ వాదన ఎంతవరకు పోతుందో కూడా చెప్పాలి. గుండ్లలో ఎముక దొరకదు కనుక ఈ నేల మీద రాక్షసబల్లులు తిరగలేదని అనడానికి వీల్లేదు. ఆ కాలపు మట్టి ఇక్కడ పేరుకోకపోయి ఉండవచ్చు, పేరుకున్నా కొట్టుకుపోయి ఉండవచ్చు. పడమటగా వికారాబాద్ వైపు వెళితే గ్రానైట్ మీద దక్కన్ లావా పొరలు కనిపిస్తాయి. వాటి వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు, అంటే రాక్షసబల్లుల యుగం ముగిసిన కాలానికి అటూ ఇటూ. ఆ ప్రాంతంలోని నస్కల్ దగ్గర రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో దొరికిన పళ్ల ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో డెక్కనోలెస్టిస్ హిస్లోపి అనే చిన్న క్షీరదాన్ని వర్ణించారు. భారతదేశంలో క్రెటేషస్ కాలపు క్షీరదం ఉన్నట్టు తెలిసింది దానితోనే. ఆ పళ్లు ఆవగింజ పరిమాణంలో ఉంటాయి. మట్టిని జల్లెడలో కడిగితే తప్ప కంటికి ఆనవు. ఆ యుగానికి సంబంధించి హైదరాబాద్‌కు దగ్గరలో దొరికిన మంచి సాక్ష్యాల్లో ఇదొకటి అనవచ్చు. అది రాక్షసబల్లిది కాకపోవడం పిల్లలకు నిరాశ కలిగించవచ్చు గానీ, పెద్ద ప్రశ్నకు చిన్న వస్తువు సాక్ష్యం కావడం తెలియడం కూడా చదువే.

గుండ్రని రాళ్ల గురించి ఒక హెచ్చరిక. గ్రానైట్ పొరలు పొరలుగా ఊడుతూ గుడ్డు ఆకారానికి వస్తుంది. 2020లో తమిళనాడులోని పెరంబలూర్ జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వకంలో బయటపడిన గుండ్రని రాళ్లు రాక్షసబల్లి గుడ్లన్న వార్త వేగంగా వ్యాపించింది. భూవిజ్ఞానులు చూసి అవి సముద్రజీవుల శిలాజాలతో కూడిన ఖనిజ ముద్దలని తేల్చారు. మరోవైపు మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్ల శిలాజాలు నిజంగానే దొరికినట్టు 2023లో పరిశోధన వ్యాసం వెలువడింది. రెండు సందర్భాల్లోనూ ఆకారం దాదాపు ఒకటే. తేడాను చెప్పింది పెంకు నిర్మాణం, గుడ్లు అమరిన తీరు, చుట్టూ ఉన్న రాయి.

2. ఆధారాల చిరునామాలు

ఈ దారుల చివర దొరికిన రాక్షసబల్లుల్లో రెండింటి గురించి సాక్ష్యం ఎక్కువగా ఉంది: బారాపాసారస్ టాగోరీ, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. రెండూ ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా రాతి పొరల్లో దొరికినవే. సింగరేణి బొగ్గు ఉన్న లోయ కూడా ఇదే, కాకపోతే బొగ్గు పొరలు అంతకన్నా పాతవి. ప్రాణహిత ఒడ్డున సిరొంచకు ఎగువనున్న కోటా గ్రామం పేరు మీద ఆ పొరలకు ఆ పేరు వచ్చింది. అక్కడి చేపల శిలాజాల ప్రస్తావన 1850ల నాటి రాతల్లోనే ఉంది.

మూలాలను పోల్చి చూసేవారికి మొదట తగిలే చిక్కు ఊళ్లది. బారాపాసారస్ పోచంపల్లి దగ్గర దొరికిందని చదివిన హైదరాబాదీకి చీరల పోచంపల్లి గుర్తుకు రావడం సహజం. భూదాన్ పోచంపల్లి నేల కూడా గ్రానైటే కనుక మొదటి విభాగంలోని తర్కం ప్రకారమే ఆ ఊహ వీగిపోతుంది. ఎముకలు దొరికిన పోచంపల్లి సిరొంచ ప్రాంతంలోనిది. కోటాసారస్ విషయంలో చిక్కు కాలంతో వచ్చింది. 1988 నాటి రాతల్లో యామన్‌పల్లి ఆంధ్రప్రదేశ్‌లోని ఆదిలాబాద్ జిల్లాలో ఉంటుంది. 2014 జూన్ 2 తరువాతి రాతల్లో అది తెలంగాణది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలయింది. మేడ్చల్ జిల్లా ఏర్పడిందీ ఆ రోజే. చిరునామాలు మారినా తవ్వకం జరిగిన చోటు కదలలేదు. ఒక మూలంలోని స్థలనామాన్ని బట్టి ఆ రాత ఏ కాలానిదో అంచనా వేయడం ఆరో తరగతి పిల్లలకు కూడా అందే పని.

3. ఎన్ని జంతువులు?

భారత గణాంక సంస్థ స్థాపకుడు పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై లండన్ పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ 1957లో కలకత్తా వచ్చి శిలాజ పరిశోధనకు పునాది వేశారు. గణాంకాల సంస్థ ఎముకలు తవ్వడమేమిటన్న ఆశ్చర్యం నేటికీ కలగవచ్చు. మహలనోబిస్‌కు అది వింతగా తోచినట్టు లేదు. బారాపాసారస్ తొలి ఎముకలు 1958లోనూ, ఎక్కువ భాగం 1960–61లోనూ బయటపడ్డాయి. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కావడంతో జాతి పేరులో టాగోర్ చేరాడు. అయితే ఎస్.ఎల్. జైన్, టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ దానికి లాంఛనంగా పేరు పెట్టి ప్రచురించింది 1975లో. దొరికిన సంవత్సరాన్ని, పేరు పెట్టిన సంవత్సరాన్ని కలిపేసిన రాతలు కనిపిస్తుంటాయి కనుక ఈ తేడా గుర్తుంచుకోదగ్గది.

దొరికిన ఎముకలు సుమారు 300. జంతువులు కనీసం ఆరు. ఈ ‘కనీసం’ ఎలా వచ్చింది? ఆ ఎముకల్లో ఎడమ తొడ ఎముకలు ఆరు ఉన్నాయి. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒకటే. కనుక ఆరుకు తగ్గవు, ఎక్కువ ఉండవచ్చు. ఎముకలతో పాటు శిలాజాలుగా మారిన పెద్ద చెట్ల మానులు కూడా దొరకడంతో, ఒక మంద వరదలో చిక్కుకుని ఉంటుందన్న ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదన ఆకర్షణీయమైనదే. అయితే మందగా బతికినవి మందగా చచ్చాయా, లేక విడివిడిగా చచ్చిన జంతువులను ప్రవాహం ఒకచోటికి చేర్చిందా అన్న ప్రశ్నకు ఎముకల లెక్క ఒక్కటే జవాబు చెప్పలేదు. అరిగిన ఎముకలెన్ని, కీళ్ల దగ్గర ఇంకా కలిసే ఉన్నవెన్ని అన్నది కూడా చూడాలి.

కోటాసారస్‌ది మరింత పెద్ద రాశి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వకాల్లో, 1970ల చివర, యామన్‌పల్లి దగ్గర సుమారు 2,400 చదరపు మీటర్ల మేర 840 దాకా అస్థి భాగాలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవని లెక్క. పి. యాదగిరి 1988లో పేరు పెట్టి, 2001లో ఎముకల పూర్తి వర్ణన ప్రచురించారు.

4. ఎంత పొడవు, ఎంత వయసు?

మూలాలు స్పష్టంగా విభేదించేది ఇక్కడే. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్‌లో 2000లో తెరిచిన డైనోసోరియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టారు. రాష్ట్ర పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలోనూ ఈ జంతువు ప్రస్తావన ఉంది. సామాన్య పాఠకుల కోసం రాసిన పరిచయాల్లో దాని పొడవు 44 అడుగులని, వయసు 16 కోట్ల ఏళ్లని తరచుగా కనిపిస్తుంది. శాస్త్రీయ సంకలనాల్లో ఇదే జంతువు పొడవు సుమారు 9 మీటర్లు, అంటే 30 అడుగులు. తేడా 14 అడుగులు. గదిలో ఒక గోడ నుంచి మరో గోడకు ఉండేంత.

దీన్ని వివరించడానికి కనీసం మూడు పరికల్పనలు సాధ్యం.

(అ) నిలబెట్టిన పంజరం వేర్వేరు జంతువుల ఎముకలతో కూర్చినది, తోక చివర పూసలు కొన్ని పోతపోసి చేర్చినవి అయితే, పంజరం పొడవు ఏ ఒక్క జంతువు పొడవుకూ సరిపోనక్కరలేదు.

(ఆ) ఒకరు వెన్ను వంపు వెంట కొలిచి, మరొకరు సూటిగా కొలిచి ఉండవచ్చు. కానీ ఈ తేడా ఒక్కటే 14 అడుగులను మింగుతుందా అన్నది అనుమానం.

(ఇ) బారాపాసారస్ పొడవుగా చెప్పే 14 మీటర్లు సుమారు 46 అడుగులు. రెండు జంతువుల లెక్కలు ఎక్కడో కలిసిపోయి ఉండవచ్చు. ఇది మూడింటిలో అతి బలహీనమైనది. అంకెలు దగ్గరగా ఉండటం తప్ప దీనికి వేరే ఊతం లేదు.

ఈ మూడింటిలో మొదటిదే ఎక్కువ సంభవమనిపిస్తుంది.

వయసు విషయం మరికొంత జటిలం. ‘తొలి జురాసిక్’ అని, ‘16 కోట్ల ఏళ్లు’ అని ఒకే వాక్యంలో రాస్తే అందులోనే వైరుధ్యం ఉంది. నేటి కాలమానం ప్రకారం తొలి జురాసిక్ సుమారు 20.1 కోట్ల ఏళ్ల కిందట మొదలై 17.5 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. 16 కోట్లు మలి జురాసిక్‌లో పడుతుంది. అయితే దీన్ని కేవలం అచ్చుతప్పుగా కొట్టిపారేయడం తొందరపాటు. కోటా పొరల వయసు మీదే పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. చేపల పోలికలను బట్టి తొలి జురాసిక్ అన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. పుప్పొడి రేణువులు, సూక్ష్మజీవుల శిలాజాలు, క్షీరదాల పళ్లు పరిశీలించినవారిలో కొందరు మధ్య జురాసిక్ అని, మరికొందరు అంతకన్నా తరువాతి కాలమని వాదించారు. పైగా చేపలు, ఈ సూక్ష్మ శిలాజాలు ఎక్కువగా పై సున్నపురాతి పొరల నుంచి వచ్చినవి. రాక్షసబల్లుల ఎముకలు కింది ఇసుకరాయి, బంకమట్టి పొరల నుంచి వచ్చినవి. పై పొర వయసు కింది పొరకు కనీస వయసును మాత్రమే ఇస్తుంది. వీటినిబట్టి తొలి జురాసిక్ అన్నదే ఇప్పటికి బలమైన పక్షంగా కనిపిస్తుంది.

5. తల సంగతి

రెండు జంతువులకూ పుర్రె దొరకలేదు. బారాపాసారస్‌కు కొన్ని పళ్లు, కోటాసారస్‌కు రెండు పళ్లు మాత్రమే ఉన్నాయి. పొడవు మెడ చివర పలుచని ఎముకలతో ఉండే పుర్రె త్వరగా విడిపోవడం ఈ జాతిలో అరుదేమీ కాదు. కనుక మ్యూజియంలోగానీ బొమ్మలోగానీ ఈ జంతువులకు కనిపించే తల దగ్గరి బంధువులను చూసి ఊహించినదే.

ఊహ తప్పరాదని లేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం అపాటోసారస్ పంజరం 1915 నుంచి చాలా ఏళ్లు తల లేకుండానే నిలిచింది. 1930ల్లో దానికి కామరాసారస్ తరహా తల అమర్చారు. 1979లో గానీ సరైన తల రాలేదు. ఇగ్వానోడాన్ అనే రాక్షసబల్లి బొటనవేలి ముల్లును గిడియన్ మాంటెల్ ముక్కు మీద కొమ్ముగా భావించాడు. 1878లో బెల్జియం బొగ్గు గనిలో పూర్తి పంజరాలు దొరికాక అది సవరణ పొందింది. మన గోదావరి లోయలోనే ఇలాంటి ఉదాహరణ ఉంది. మలేరి పొరల నుంచి 1987లో చటర్జీ వాకేరియా పేరుతో వర్ణించిన చిన్న రాక్షసబల్లికి, ఆ పేరు అప్పటికే వేరే జీవికి ఉందని తెలిసి 1994లో అల్‌వాకేరియా అని మార్చారు. తరువాత 2005లో రెమెస్, రౌహుట్ అనే పరిశోధకులు ఆ ఎముకల్లో కొన్నే రాక్షసబల్లివని, మిగతావి ఇతర సరీసృపాలవని వాదించారు. మొదటి పరిశోధకుడిని తక్కువ చేయడానికి దీన్ని చెప్పనక్కరలేదు. ఎముకలు ప్రచురించి, భద్రపరిచి ఉండబట్టే రెండో పరిశీలన సాధ్యమైంది.

6. పిల్లలకు ఇది చేతనవుతుందా?

ఇక్కడా మూలాలు ఒకే మాట చెప్పవు. పిల్లలే కాదు, చాలామంది పెద్దలు కూడా తమ నమ్మకాన్నీ దాని ఆధారాన్నీ విడదీసి చూడలేరని మనస్తత్వ శాస్త్రవేత్త డియానా కూన్ 1980ల చివర వాదించారు. 1991లో సోడియన్, జైచిక్, కేరీ అనే పరిశోధకులు సులభమైన సమస్యతో దీన్ని మళ్లీ పరీక్షించారు. ఇంట్లో ఎలుక ఉంది. పెద్దదో చిన్నదో తెలియదు. ఒక పెట్టెకు పెద్ద కంత, మరో దానికి చిన్న కంత. తేల్చుకోవాలంటే తిండి ఏ పెట్టెలో పెట్టాలి? పెద్ద కంత పెట్టెలో ఏ ఎలుకైనా దూరుతుంది కనుక ఏమీ తేలదు. చిన్న కంత పెట్టె తేలుస్తుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల్లో చాలామంది సరైన పెట్టెను ఎంచుకున్నారు. రెండు ఫలితాలూ ఒకదానినొకటి పూర్తిగా కొట్టేయవు. సమస్య చిక్కనయ్యేకొద్దీ పిల్లల పట్టు సడలుతుందని అర్థం చేసుకోవడం సబబు. అందువల్ల పాఠం శామీర్‌పేట చెరువు ఒండ్రుతో మొదలై, తొడ ఎముకల లెక్క మీదుగా, కోటా పొరల వయసు దాకా వెళ్లే క్రమం మేలనిపిస్తుంది.

పద్ధతికి మన దేశంలోనే నమూనా ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడుల్లో మొదలై 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పిల్లలు ప్రయోగం చేసి, రాసుకుని, వాదించుకున్నారు. పరీక్షకు పుస్తకాలు తెచ్చుకునే వీలుండేది. శిలాజాలకు సంబంధించి అమెరికా బడుల్లో ప్రచారంలో ఉన్న ఒక ఆట కూడా పనికొస్తుంది: కవరులోంచి కాగితం ఎముకలు కొన్ని కొన్నిగా తీసి జంతువును కూర్చడం, కొత్తవి వచ్చినప్పుడల్లా పాత అభిప్రాయాన్ని సవరించుకోవడం. దాన్ని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోనక్కరలేదు. కవరులో తల ఎముకలు పెట్టకుండా, రెండు పళ్లు మాత్రం పెడితే అది కోటాసారస్ ఆట అవుతుంది. ఆట చివర సరైన బొమ్మ చూపించి పిల్లలను సంతోషపెట్టే ఉపాధ్యాయుడు మాత్రం సగం పాఠం పోగొట్టుకుంటాడు. యామన్‌పల్లి తవ్వినవారికి అలాంటి బొమ్మ ఎవరూ చూపించలేదు.

పాఠ్యపుస్తకాలు, ప్రదర్శన ఫలకాలు రాసేవారికి ఒక సూచన: పొడవు, వయసు అంకెల పక్కన అవి ఎవరి అంచనాయో, పంజరంలో ఏ భాగం అసలు ఎముకో, ఏది పోతో రాస్తే ఒక్క పంక్తి పెరుగుతుంది. ఇక మేడ్చల్, శామీర్‌పేట బడుల ఉపాధ్యాయులకు విన్నపం. పిల్లలను నౌబత్ పహాడ్‌కు తీసుకెళ్లే ముందు రోజు 44 అడుగులు, 9 మీటర్లు అన్న రెండు అంకెలనూ బోర్డు మీద రాయండి. ఏది నిజమో చెప్పకండి. ఎలా తేల్చవచ్చో పిల్లలనే అడిగి, వారి జవాబులు రాయించుకుని, ఆ కాగితాలు వెంట తీసుకెళ్లండి.